బీరువాలో నలభై పట్టుపురుగులు, ఇరవై ఎనిమిది కాపీ పుస్తకాలు

పట్టు గురించి ఎవరు నోరు తెరిచినా సరే, మధ్యలో దూరి "అదంతా నాకు తెలుసులే" అనే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది. నెల కిందట పోయింది. ఎట్లా పోయిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి. మా స్కూలు కరస్పాండెంట్ సార్ ఎప్పుడైనా ఎదురైతే మాత్రం మీకేమీ తెలియనట్టు ముఖం పెట్టండి, నాకోసం.

నా సంగతి మీకు తెలిసిందే. హిందూపురంలో ఒక చిన్న ఇంగ్లీష్ మీడియం స్కూల్లో మూడో తరగతికి క్లాస్ టీచర్ని. కాపురం పెనుకొండలో. పుట్టిల్లు ధర్మవరం. మా నాయనకు రెండు మగ్గాలు ఉండేవి. మగ్గం గుంత పక్కనే చాప వేసుకుని, నాడె అటూ ఇటూ పోయే చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లని నేను. ఆ చప్పుడు వల్లనేనో ఏమో, కళ్లు తెరిచి కలలు కనే జబ్బు ఒకటి అప్పుడే పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

పొద్దున పెనుకొండలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటానా, కరెంటు తీగలు మొదలవుతాయి. స్తంభం దగ్గర పైకి లేస్తాయి, మధ్యలో కిందికి దిగుతాయి, మళ్లీ పైకి. చూస్తూ ఉంటే ఎవరో తెల్లారిందాకా కూర్చుని ఆకాశం మీద కర్సివ్‌లో 'యు' తర్వాత 'యు' రాసుకుంటూ పోయినట్టు ఉంటుంది. ఎక్కడా చెయ్యి ఎత్తలేదు. ఎక్కడా తొందరపడలేదు. ఒకరోజు ఆ రాత ఎక్కడ ఆగుతుందో చూద్దామని కూర్చుని హిందూపురం దాటిపోయాను. దిగేసరికి బోర్డు కన్నడంలో ఉంది. ఆరోజు సగం జీతం కోశారు, అది వేరే కథ.

కర్సివ్ అంటే నాకు అంత ప్రాణం. శనివారం చివరి పీరియడ్ దానిదే. వారమంతా నేను ఆ నలభై నిమిషాల కోసమే బతుకుతానంటే మా ఆయన నవ్వుతాడు గానీ, నిజం. పిల్లలకు మొదట్లో ఆ నాలుగు గీతల పుస్తకం చూస్తేనే నిద్ర వచ్చేది. అందుకని ఆటలు పెట్టాను. పెరట్లో సుద్దతో పెద్ద 'ఎల్' గీసి, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుబండిలాగా దాని మీద నడవాలి. చొక్కా వదిలితే మాట తెగిపోయినట్టు. ఒకడు నిక్కరు పైకి లాక్కోవడానికి చెయ్యి వదిలాడు, అంతే, పొడుగాటి మాట కాస్తా రెండు ముక్కలైంది. ఇంకోసారి తడివేలితో నల్లబండల మీద రాయించాను. ఎండకు చివరి అక్షరం రాసేలోపల మొదటి అక్షరం మాయమయ్యేది. పిల్లలు పెన్నూ పుస్తకమూ మరిచిపోయి, మాయమయ్యే అక్షరాల వెంట అట్లా చూస్తూ కూర్చునేవాళ్లు. నేనూ కూర్చునేదాన్ని. గంట కొట్టింది కూడా మాకు వినబడేది కాదు.

అదే మా మ్యాథ్స్ సార్‌కి కడుపుమంట. ఆయన మంచివాడే, కాకపోతే ఖాళీగా కనిపించిన ప్రతి పీరియడ్‌కీ ఆయనకు ఐఐటీ ఫౌండేషన్ క్లాస్ గుర్తొస్తుంది. వెళ్లి కరస్పాండెంట్ చెవిలో వేశాడు. కరస్పాండెంట్ సార్ నన్ను పిలిచి చాలా మర్యాదగానే మాట్లాడారు. ఈ కాలంలో చేత్తో రాసేవాళ్లు ఎవరు, అందరూ ఫోన్లో కొట్టేవాళ్లే కదా అన్నారు. పిల్లలు నేలమీద నడుస్తున్నారు, నీళ్లతో ఆడుతున్నారు, రాసేది ఎప్పుడు అన్నారు. చివరికి తేల్చి చెప్పారు.

"సోమవారం పేరెంట్స్ మీటింగ్ ఉంది కదా మేడమ్. కాపీ పుస్తకాలు వాళ్ల ముందర పెట్టండి. బాగుంటే పీరియడ్ మీదే. లేకపోతే మ్యాథ్స్ సార్‌కి ఇచ్చేస్తా."

నాకు భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే భయపడాల్సిన పని లేదు. ఇరవై ఎనిమిది పుస్తకాల్లో ఇరవై ఏడు ముత్యాల్లాగా తయారై బీరువాలో నిలబడి ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నా గెలిచేదాన్ని.

మిగిలిన ఒక్క పుస్తకం గిరిజది. సోమందేపల్లి దాటాక ఒక పల్లె నుంచి బస్సులో వస్తుంది. రెండు జడలు, నూనె పెట్టిన తల, చెప్పింది చెప్పినట్టు నమ్మే కళ్లు. అక్షరాలన్నీ చక్కగా రాస్తుంది గానీ ఒక్కో అక్షరానికీ పెన్సిల్ ఎత్తుతుంది. రైలుబండి ఆడినా ఎత్తింది, బండ మీద రాసినా ఎత్తింది. ఎందుకే అని అడిగితే ఎంతో సేపు ఆలోచించి చెప్పింది.

"ఎత్తకుండా ఎట్ల రాసేది మిస్? చెయ్యికి ఊపిరాడద్దా?"

తనే మళ్లీ అంది. "మా ఇంట్లో పురుగులైతే ఎత్తవు మిస్. గూడు అయ్యేదాకా ఒకటే దారం."

వాళ్లింట్లో పట్టుపురుగులు పెంచుతారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు జల్లుమంది. ఒకటే దారం! తెగకుండా, ఎత్తకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకటే గీత! పురుగును తెచ్చి పిల్లల ముందర పెడితే చాలు, నేను నోరు తెరవక్కర్లేదు. అప్పుడే నా కలలో నలభై పురుగులు వరసగా కూర్చుని కాపీ రాసేస్తున్నాయి.

శుక్రవారం సాయంత్రం గిరిజతో పాటు బస్సెక్కి వాళ్ల పల్లెలో దిగాను. ఊరి బయట మల్బరీ తోట, దాని పక్కన పురుగుల షెడ్డు. చెప్పులు బయట వదిలి, చేతులు కడుక్కుని, గడపలో చల్లిన సున్నంలో కాళ్లు పెట్టి లోపలికి పోవాలి. పోయాను. లోపల వాన పడుతోంది. నిజంగా వాననే అనుకుని పైకి చూశాను. పైన రేకులు పొడిగా ఉన్నాయి. వేల పురుగులు ఆకు తింటున్న చప్పుడది. ఆ మసక వెలుతురులో, ఆ పచ్చి ఆకు వాసనలో, ఆ వానలో నిలబడి నేను ఎందుకు వచ్చానో మరిచిపోయాను. గిరిజ వాళ్ల అవ్వ వచ్చి భుజం తట్టేదాకా నేను ఈ లోకంలో లేను.

అవ్వకు డెబ్బై ఏళ్లుంటాయి. కొడుకు షెడ్డుకు యజమాని, కానీ పురుగులకు యజమాని అవ్వే. సంగతి చెబితే బోసినోటితో నవ్వింది. రాత నేర్చుకునేకి పురుగు దగ్గరికి వచ్చిన టీచరమ్మను ఇదే చూడ్డం అంది. ఒక మూల తెల్లారేసరికి గూటికి వచ్చే పురుగులున్నాయి, వాటిలోంచి ఒక నలభై తీసి చిన్న చంద్రికలో వేసి పంపిస్తానంది. చంద్రిక అంటే వెదురు తట్ట, అందులో వెదురు బద్దను నత్తగుల్లలాగా చుట్టలు చుట్టలుగా నిలబెట్టి ఉంటారు. ఆ సందుల్లో కూర్చుని పురుగు గూడు కట్టుకుంటుంది. పేరే ఎంత బాగుందో చూడండి, చంద్రిక. నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను.

అవ్వ మాత్రం ఆగలేదు. "ఇట్ల చూడు పాపా, పండిన పురుగు ఉండాదే, అది తిండి..." అని మొదలుపెట్టింది.

నేను అడ్డం పడ్డాను. "పట్టు సంగతి నాకు చెప్పాలా అవ్వా? ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని."

"అది సరేమ్మా. గూటికి వచ్చినప్పుడు దాని రంగు..."

పోగు ముట్టుకుంటే చాలు ఎన్ని కొసలు కలిపి పేనారో చెబుతానని నేను. చంద్రికలో నుంచి వాటిని ఏదో చేయొద్దని అవ్వ ఇంకో మాట మొదలుపెట్టింది. నేను అప్పటికే మా నాయన పడుగు ఎట్లా సాగదీసేవాడో, జరీ ఎట్లా దాచేవాడో చెప్పడం మొదలుపెట్టేశాను. చాలాసేపే చెప్పినట్టున్నాను. అవ్వ ఓపిగ్గా విని, చేతిలోని ఆకుల గంప నడుముకు ఎత్తుకుంది.

"సరేలే తల్లీ. పట్టు ఊరి దానివి, నీకు తెలీకుండా యాడికి పోతుంది" అని పురుగులకు మేత వేయడానికి పోయింది.

ఇక్కడ ఒక్క నిజం ఒప్పుకోవాలి. నాకు తెలిసిన పట్టు రాట్నం మీదికి వచ్చిన తర్వాతి పట్టు. రంగు, పురి, బరువు, మెరుపు, అన్నీ తెలుసు. రాట్నానికి ముందు ఆ పట్టుకు ఒక నోరూ ఒక కడుపూ ఉంటాయని, దానికంటూ కొన్ని అలవాట్లు ఉంటాయని ఎన్నడూ ఆలోచించలేదు. మా ధర్మవరం వాళ్లలో సగం మందిది ఇదే జబ్బు. చీర కొంగు చూసి జాతకం చెబుతాం, పురుగును చూస్తే ఎటు తలో ఎటు తోకో తెలియదు.

శనివారం పొద్దున గిరిజ వాళ్ల నాన్న బండి మీద చంద్రిక తెచ్చి ఇచ్చి పోయాడు. చివరి పీరియడ్ దాకా స్టాఫ్‌రూమ్‌లో పెట్టి, తర్వాత క్లాసుకు తీసుకెళ్లి టేబుల్ మీద ఉంచాను. పిల్లలు చుట్టూ మూగారు.

ఆ నలభై నిమిషాలు మీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. ఒక పురుగు తల ఎత్తింది. అటు ఊగింది, ఇటు ఊగింది. ఎనిమిది అంకెను పడుకోబెడితే ఎట్లా ఉంటుందో అట్లా తల తిప్పుతోంది. నోట్లోంచి వచ్చే దారం కంటికి కనబడదు. కిటికీ ఎండ పడ్డప్పుడు మాత్రం ఒక్క క్షణం బంగారు గీతలాగా మెరిసి పోతుంది. దాని పక్కది మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకటి. ఇరవై ఎనిమిది మంది పిల్లలు టేబుల్ మీదికి వంగారు. కాసేపటికి చూస్తే పిల్లల తలలు కూడా మెల్లగా ఊగుతున్నాయి, అటూ ఇటూ, పురుగుతో పాటు. నేను గొంతు తగ్గించి, "చూశారా, అది ఆగదు. ఆగితే దారం తెగుతుంది. మీరూ ఆగొద్దు" అన్నాను.

గిరిజ తన పుస్తకం తెరిచింది. తల ఊపుకుంటూ పెన్సిల్ పెట్టింది. ఎత్తలేదు. మొదటిసారి ఎత్తలేదు! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగంలో అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. గిరిజ పేజీ నింపేసరికి గంట కొట్టారు. పుస్తకం తీసుకుని బీరువాలో మిగతావాటి పక్కన నిలబెట్టాను. ఇరవై ఎనిమిదీ తయారు. ఇంతటితో తాళం వేసి ఇంటికి పోయి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

పోలేదు. బడి ఖాళీ అయింది. చంద్రిక పక్కన కూర్చుని పురుగులను చూస్తున్నాను. చూసేకొద్దీ దిగులు మొదలైంది. శుక్రవారం తోటలోంచి నేను తెచ్చుకున్న ఆకు వేస్తే ఒక్కటీ ముట్టడం లేదు. శుక్రవారం తెల్లగా లావుగా ఉన్న పురుగులు ఇప్పుడు కుంచించుకుపోయి పసుపు రంగుకు తిరిగాయి. ఒంట్లోంచి వెలుతురు కనిపిస్తోంది, పాపం అంత నీరసం. పైగా రెండు మూడు కిందంతా తడి చేశాయి. తిండి మానేయడం, పసుపు రంగు, విరేచనం. ఇంకేముంది, కామెర్లు అనుకున్నాను. నవ్వకండి. మనిషికైతే అవి కామెర్లే కదా.

నాకు వచ్చిన వైద్యం ఒక్కటే, మా నాయన పట్టుకు చేసే వైద్యం. పట్టుకు గాలి తగలకూడదు, ఎండ తగలకూడదు, మెత్తటి చోట చీకట్లో పెట్టాలి. ఈ వెదురు బద్దలు గరుగ్గా గుచ్చుకుంటున్నట్టున్నాయి, అందుకే పాపం తల అట్లా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి అనిపించింది. అంతసేపూ కవిత్వంలాగా కనబడిన తల ఊపు ఇప్పుడు జబ్బులాగా కనబడింది. ఒక్కో పురుగునూ బద్దల నుంచి మెల్లగా విడదీశాను. కొన్నింటి చుట్టూ అప్పటికే కొంచెం దారం ఉంది, అది కూడా జాగ్రత్తగా తుడిచేశాను. స్కూలు మొత్తానికి మెత్తగా, చీకటిగా, గాలి లేకుండా ఉండే చోటు ఒక్కటే, మా క్లాసు బీరువా. కాపీ పుస్తకాల అరలో మెత్తటి గుడ్డ పరిచి, నలభై పురుగులను దాని మీద పడుకోబెట్టి, తలుపు చివర వేలెడు సందు వదిలి, "హాయిగా నిద్రపోండి" అని చెప్పి రైలెక్కాను.

దారిపొడుగునా తీగలు ఎంత అందంగా ఉన్నాయో. ఆదివారం మా ఆయనకు పురుగులకు ప్రాణం పోసిన సంగతి రెండుసార్లు చెప్పాను.

సోమవారం పేరెంట్స్ వచ్చారు. జబ్బు పురుగుల నిద్ర చెడుతుందని నేను పొద్దున బీరువా తెరిచి చూడలేదు. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల వాళ్లు, సగం మందికి మల్బరీ తోటలే. గిరిజ తరఫున అవ్వ వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. కరస్పాండెంట్ సార్ ఇస్త్రీ చొక్కాలో, మ్యాథ్స్ సార్ ఫౌండేషన్ పుస్తకం చంకలో పెట్టుకుని. కరస్పాండెంట్ సార్ మన పిల్లల చేతిరాత ఇప్పుడు చూస్తారు అని పేరెంట్స్‌కి చెప్పి, బీరువా తలుపు తనే తెరిచారు.

ముందు వాసన వచ్చింది. తర్వాత బంగారం కనబడింది.

అబద్ధం చెప్పను, చూడ్డానికి చాలా అందంగా ఉండింది. నిలబెట్టిన పుస్తకాల మధ్య ప్రతి సందులోనూ ఒక పసుపుపచ్చ గూడు. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య సన్నటి దారాలు, సాలెగూడు కంటే పలచగా, ఎండకు మెరుస్తూ. కొన్ని పురుగులు అట్టల మధ్య దూరి పేజీలలోనే ఇల్లు కట్టుకున్నాయి. ఒకటి నా గొడుగులో, ఇంకొకటి డస్టర్ గుంటలో. కట్టుకునే ముందు అన్నీ కడుపు ఖాళీ చేసుకున్నట్టున్నాయి, అట్టల మీద పచ్చటి మరకలు. కరస్పాండెంట్ సార్ ఒక పుస్తకం పట్టుకుని లాగారు. దాని వెంట ఆరు పుస్తకాలు పూలదండలాగా కదిలి వచ్చాయి.

"మేడమ్" అన్నారు.

నేను ఏదో చెప్పబోయేలోపల ముందు బెంచీ నుంచి అవ్వ లేచింది. "లాగద్దు సార్! లోపల పురుగు ఇంకా మెత్తగా ఉండాది." ఆమె వెనకాల పది పదిహేను మంది లేచారు. చేతిరాత చూడ్డానికి వచ్చినవాళ్లందరూ బీరువా చుట్టూ మూగి గూళ్లు చూడ్డం మొదలుపెట్టారు. ఒకాయన గూడు గట్టిదనం మెచ్చుకున్నాడు. ఇంకొకాయన రెండు పురుగులు కలిసి ఒకే గూడు కట్టాయి, ఇది దారం తీసేకి పనికిరాదు అని చూపించాడు. హిందూపురం మార్కెట్‌లో ఈ వారం ఎట్లుందని మాటలు మొదలయ్యాయి. చివరికి అందరూ కలిసి తీర్పు చెప్పారు. ఇంకో మూడు రోజులు ఈ పుస్తకాలను ఎవరూ కదిలించకూడదు.

కరస్పాండెంట్ సార్ అవి స్కూలు పుస్తకాలు అని గుర్తుచేశారు. ఉండనీ సార్, గూళ్లు మాత్రం పురుగులవి అన్నారు వాళ్లు.

అవ్వ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "చంద్రికలో నుంచి ఏమిటికి తీసినావు పాపా?"

తిండి మానేశాయనీ, పసుపెక్కాయనీ, కామెర్లు అనుకున్నాననీ చెప్పాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. నవ్వకూడదని ఆమె ఎంత కష్టపడిందో నాకు కనబడుతూనే ఉంది.

"అది జబ్బు గాదమ్మా, పండడం. పండిన పురుగు తినదు, పసుపెక్కుతుంది, కడుపు కడుక్కుంటుంది, చోటు వెతుక్కుంటుంది. ఆ పొద్దు అదే చెప్తాంటి. నువ్వు మీ నాయన మగ్గం కత చెప్పబడ్తివి."

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండు అనిపించింది. అది జరగలేదు గానీ మ్యాథ్స్ సార్ గొంతు సవరించుకున్నాడు. పుస్తకాలు చూడ్డానికి లేదు కాబట్టి, సార్, ఆ పీరియడ్ సంగతి, అన్నాడు.

కరస్పాండెంట్ సార్ న్యాయం తెలిసిన మనిషి. పుస్తకాలు లేకపోతే పిల్లలు ఉన్నారు కదా, బోర్డు మీద రాయమనండి, ఇప్పుడే చూద్దాం అన్నారు. మూడో తరగతి పిల్లలను పిలిచి వరసలో నిలబెట్టారు. మొదట ఎవరు అంటే, ఎవరూ పిలవకుండానే గిరిజ ముందుకొచ్చింది. సోమవారానికి మళ్లీ పెన్సిల్ ఎత్తడం మొదలుపెడితే? నా పేరు, నా ఊరు, మా ఇల్లు, ఈ మూడు వాక్యాలు ఇంగ్లీష్‌లో రాయమన్నారు.

గిరిజ సుద్దముక్క పెట్టింది. తల అటూ ఇటూ ఊపింది. రాయడం మొదలుపెట్టింది.

ఎంత బాగా రాసిందని! గుండ్రంగా, కుదురుగా, ఒక అక్షరం ఇంకో అక్షరం చెయ్యి పట్టుకుని. మొదటి మాట అయింది. రెండో మాటలోకి పోయింది, చెయ్యి ఎత్తలేదు. మూడో మాట, ఎత్తలేదు. వాక్యం అయిపోయింది, రెండో వాక్యంలోకి అదే గీతతో నడిచిపోయింది. మాటకూ మాటకూ మధ్య సందు లేదు, చుక్క లేదు. బోర్డు అంచు వచ్చింది. నేను సైగ చేశాను. గిరిజ నన్ను చూడలేదు, తను ఈ లోకంలోనే లేదు. బోర్డు చెక్క దాటి గోడ మీదికి పోయింది. గోడ మీద ఇల్లు కూడా రాసేసి, చేతిలో సుద్ద అరిగిపోయేసరికి, వరసలో రెండోవాడు తన సుద్దముక్కను సరిగ్గా ఆ చివర పెట్టి అందుకున్నాడు. వాడి తల కూడా ఊగుతోంది. వాడి తర్వాత మూడో అమ్మాయి. గీత కిటికీ కిందగా పోయి, మూల తిరిగి, తలుపు గడప దాటి వరండాలోకి పోయింది. పేరెంట్స్ లేచి దాని వెంట నడిచారు. మొదటి స్తంభం చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండో స్తంభం దగ్గర కరస్పాండెంట్ సార్ చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

వెనక్కి వచ్చి మొదటి నుంచి చదవడానికి చూశారు. ఒక మాట ఎక్కడ అయిపోయిందో, ఇంకో మాట ఎక్కడ మొదలైందో ఆయనకు దొరకలేదు. వంగి గిరిజను అడిగారు, "మధ్యలో ఆపాలి కదా పాపా?"

"ఆపితే దారం తెగుతుంది సార్" అంది గిరిజ. "మిస్ చెప్పింది."

పేరెంట్స్ నవ్వు ఆపుకోలేకపోయారు. అవ్వ మాత్రం నవ్వలేదు. వరండాలో స్తంభం దాకా పోయిన ఆ గీతను ఇంటి ఆస్తిలాగా చూస్తూ నిలబడింది. మనవరాలు ఎన్నడూ ఇంత పొడుగు రాయలేదని చుట్టూ అందరికీ చెప్పింది. నాకు సిగ్గూ సంతోషం రెండూ ఒకేసారి వచ్చి, ఏది ముందు పడాలో తెలియక ఏడ్చేశాను.

కరస్పాండెంట్ సార్ నన్ను ఆఫీసులోకి పిలిచారు. రాత బాగుంది, పీరియడ్ మీదే, అది ఎవరూ తీసుకోరు అన్నారు. నేను దండం పెట్టి లేవబోతుంటే ఇంకా ఉందన్నారు. పిల్లలకు కలపడం వచ్చింది గానీ విడదీయడం రాలేదు కాబట్టి, బుధవారం ఇంకో పీరియడ్ కొత్తగా పెడుతున్నారట, మాటకూ మాటకూ మధ్య సందు వదలడం నేర్పడానికి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వారానికి రెండు పీరియడ్లు!

"అది మీకు కాదు మేడమ్" అన్నారు. "మొదలుపెట్టడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు. ఆపడం మాత్రం మ్యాథ్స్ సార్‌కి ఇద్దాం."

అట్లా ఫౌండేషన్ క్లాస్ కోసం ఎదురుచూసిన మ్యాథ్స్ సార్‌కి కొత్త పీరియడ్ దొరికింది. బుధవారం పూట ఆయన బోర్డు దగ్గర నిలబడి ప్రతి మాట తర్వాతా చూపుడువేలు అడ్డం పెట్టి, ఇక్కడ ఒక వేలు ఖాళీ, మళ్లీ ఇక్కడ ఒక వేలు ఖాళీ అంటూ ముఖం గంటు పెట్టుకుని నేర్పుతున్నాడు. పిల్లలు రెండు వారాల్లోనే నేర్చేసుకున్నారు, గిరిజ అందరికంటే ముందు. వెనక బెంచీలో కూర్చున్న ఒక్కరికి మాత్రం ఇంకా పట్టుబడలేదు. మొన్న బుధవారం ఆయన అందరి పుస్తకాలూ దిద్దుకుంటూ చివరికి అక్కడికి వచ్చి, పేజీ అంతా చూసి, కళ్లద్దాలు తీసి, "మేడమ్, మీరు మాత్రం మళ్లీ మొదటి నుంచి రాయండి" అన్నాడు.